ప్యాకెట్టు మన ముందే తెరవాలి

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చే భక్తుడికి టోకెనుతో పాటు బ్లేడు కూడా చేతికిస్తారు. దాన్ని అతనే తీసుకెళ్లి క్షురకుడికి అందిస్తాడు. కళ్లెదుటే కత్తికి తొడిగాక పని మొదలవుతుంది. రోజూ వేలమంది తల వంచే చోట, ఎవరికీ ఎవరూ తెలియని చోట ఈ చిన్న ఏర్పాటు ఎంత భారం మోస్తోందో మనం పెద్దగా పట్టించుకోం. ఆ క్షురకుడికి మంచి పేరుందా, చేయి తేలికేనా, పొద్దుటి నుంచి ఎంతమందికి గీశాడు అన్న ప్రశ్నలు అక్కడ పుట్టవు. బ్లేడు కొత్తదని మనకు తెలుసు, ఎందుకంటే అంతవరకూ అది మన చేతిలోనే ఉంది. అదే కొండ కింద, వడమాలపేట నుంచి అటు పుత్తూరు, నగరి దాకా, ఇటు రేణిగుంట, తిరుపతి దాకా రోడ్డు పొడవునా వెలసిన బ్యూటీ పార్లర్లలో, నెయిల్ స్టూడియోల్లో ఇలాంటి ఏర్పాటు సాధారణంగా కనిపించదు. గోరు మీద నడుస్తున్న కత్తెర ఏ డబ్బాలోంచి వచ్చిందో, అంతకుముందు ఎవరి వేలి మీద నడిచిందో కుర్చీలో కూర్చున్న మనిషికి తెలిసే దారి లేదు. గోళ్ల పార్లర్లలో ఎదురయ్యే చేదు అనుభవాల గురించి ఎంత మాట్లాడుకున్నా, వాటికంటే మంచి చోటు వెతుక్కోవడం ఎలాగని ఎన్ని సలహాలు ఇచ్చుకున్నా, విషయం చివరికి ఈ తేడా దగ్గరికే వస్తుందన్నది నా వాదన.

గోళ్ల ముచ్చట మనకు కొత్తది కాదు. ఆషాఢం వస్తే గోరింటాకు రుబ్బి వేళ్లకు టోపీల్లా పెట్టుకోవడం, పెళ్లికూతురి పాదాలకు పారాణి పూయడం తరాలుగా ఉన్నవే. మారిందేమిటంటే, ఆ పని ఇంటి అరుగు మీద నుంచి అంగట్లోకి వెళ్లింది. పెళ్లికూతురి ముస్తాబులో ఇప్పుడు మానిక్యూర్, పెడిక్యూర్ మామూలైపోయాయి. నెలజీతం తెచ్చుకునే ఆడపిల్లలు తమ సంపాదనలో కొంత తమ చేతుల కోసం ఖర్చు పెట్టుకుంటున్నారు. అందులో తప్పు వెతకాల్సిన పని లేదు. అయితే గోరింటాకులో ఆకు చెట్టుది, రోలు ఇంటిది, పెట్టే చేయి అమ్మమ్మది. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు తక్కువ. పార్లరులో పనిముట్లు పదిమందివి, నీళ్లు పదిమందివి, సీసాలో ద్రవం ఎక్కడిదో తెలియదు. పని ఇంటి గడప దాటింది గానీ, దానితో పాటు రావలసిన జాగ్రత్త ఇంకా గడప దగ్గరే ఉండిపోయింది.

చేదు అనుభవం అంటే చాలామంది రంగు రెండు రోజుల్లో పెచ్చులూడటమో, చెప్పిన రేటు ఒకటి తీసుకున్నది ఒకటి కావడమో అనుకుంటారు. అవి చికాకులే కానీ గాయాలు కావు. అసలు గాయం గోరు మొదట్లో జరుగుతుంది. అక్కడ చర్మం సన్నని పొరలా గోరును అంటిపెట్టుకుని ఉంటుంది. పార్లర్లలో దాన్ని క్యూటికల్ అంటారు. చూడ్డానికి పనికిరాని తోలుముక్కలా కనిపిస్తుంది కాబట్టి దాన్ని వెనక్కి నెట్టి, కత్తెరతో కత్తిరించి 'నీట్' చేస్తారు. నిజానికి అది గోరుకూ చర్మానికీ మధ్య సందును మూసి ఉంచే ముద్ర. దాన్ని కోస్తే ఆ సందు తెరుచుకుంటుంది. సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. రెండు మూడు రోజుల్లో వేలు ఎర్రబడి, వాచి, సలుపుతూ చీము పడుతుంది. దానికి మన భాషలో ఎప్పటి నుంచో పేరుంది: గోరుచుట్టు. చర్మవైద్యులు ఎక్కడైనా చెప్పే మొదటి మాట క్యూటికల్ జోలికి వెళ్లనివ్వొద్దనే. మంచి పార్లరుకు మొదటి గుర్తు కూడా ఇదే. కోయమని మనం అడిగినా వద్దని చెప్పగలిగే చేయి ఎక్కడుందో అక్కడ చదువు ఉంది. మధుమేహం ఉన్నవాళ్లకు ఈ మాట మరింత గట్టిగా వర్తిస్తుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారని లెక్కగట్టింది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు కోసుకున్న సంగతే తెలియదు. తెలిసేసరికి అది గోరుచుట్టు స్థాయి దాటి, వేలు తీసేయాల్సిన దాకా కూడా పోవచ్చు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే అక్షరాలా ఇదే.

గోరుచుట్టుకు ఒక మంచి గుణం ఉంది. రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది కాబట్టి ఎక్కడ అంటిందో చెప్పొచ్చు. మిగతావి అలా కాదు. గోటికి పట్టే ఫంగస్ వారాలు, నెలలు గడిచాక గానీ కనిపించదు. గోరు పసుపు తిరిగి, మందమై, పొడిపొడిగా రాలడం మొదలయ్యే నాటికి ఏ పార్లరుకు ఎప్పుడు వెళ్లామో గుర్తుండదు. చేతి గోరు పూర్తిగా కొత్తది రావడానికి సుమారు ఆరు నెలలు, కాలి బొటనవేలి గోటికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మాత్రలు వాడాల్సి వస్తే కాలి గోటికి దాదాపు మూడు నెలలు, అవసరాన్ని బట్టి మధ్యలో కాలేయం పరీక్షలు. హెపటైటిస్ బి మరీ నిశ్శబ్దమైంది. ఆ వైరస్ ఒంటి బయట ఎండిపోయిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికే ఉంటుంది. కంటికి కనిపించనంత మరక చాలు. లోపలికి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి నెలలు పడుతుంది, చాలామందిలో అసలు బయటపడవు. ఇంకో రకం ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. 2022లో ఒక 50 ఏళ్ల మహిళ సెలూన్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా మెడలోని రక్తనాళం నొక్కుకుపోయి పక్షవాతం వచ్చింది. తల తిరగడం, వాంతులు చూసి మొదట కడుపు సమస్య అనుకుని వైద్యం చేశారు. పార్లరు కుర్చీకీ ఆసుపత్రి మంచానికీ మధ్య దారి ఇంత త్వరగా చెరిగిపోతుంది.

అందుకే 'పేరున్న చోటికి వెళ్లండి' అన్న సలహా నన్ను ఒప్పించదు. మన ప్రాంతానికి పేరు మీద నమ్మకం ఎక్కువ, అది ఊరికే వచ్చింది కూడా కాదు. వడమాలపేట పక్కనే పుత్తూరు ఉంది. ఎముక విరిగితే కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు కోసం తరాలుగా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. వాళ్లను తెచ్చింది నోటి మాట. ఆ వైద్యం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, నోటి మాట అక్కడ పనిచేయడానికి ఒక కారణం ఉంది. చేయి అతుక్కుందా లేదా, నడవగలుగుతున్నాడా లేదా అన్నది కొన్ని వారాల్లో ఊరంతా చూస్తుంది. మంచీ చెడూ కట్టిన చేతికే వచ్చి చేరతాయి. పార్లరులో మంచి వెంటనే కనిపిస్తుంది, చెడు ఆలస్యంగా, వేరే వేషంలో వస్తుంది. మెరిసే గోళ్లతో బయటికొచ్చిన అమ్మాయి ఆ సాయంత్రమే పదిమందికి చూపిస్తుంది, ఫోనులో ఐదు నక్షత్రాలు నొక్కుతుంది. నాలుగు నెలల తరువాత గోరు పాడైనప్పుడు ఆ నక్షత్రాలను వెనక్కి తీసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. అంటే పేరు అనేది పనితనాన్ని కొలుస్తుంది గానీ శుభ్రతను కొలవదు. ఈ రెండూ ఒకే చేతిలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

పేరు లాగే హంగు కూడా మోసం చేస్తుందనడానికి ప్రపంచం ఎరిగిన ఆధారం ఒకటి ఉంది. 2000 సంవత్సరంలో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని వాట్సన్‌విల్ అనే చిన్న పట్టణంలో ఒకే నెయిల్ సెలూన్‌కు వెళ్లిన 110 మందికి మోకాళ్ల కింద సెగ్గడ్డలు లేచాయి. అవి మామూలు మందులకు లొంగలేదు. మానడానికి నెలలు పట్టింది, మచ్చలు మిగిలాయి. వైద్యాధికారులు వెళ్లి వెతికితే, పాదాలు నానబెట్టే టబ్బుల్లో మైకోబాక్టీరియం ఫార్చూయిటమ్ అనే సూక్ష్మజీవి దొరికింది. అవి నీళ్లను సుడి తిప్పుతూ పాదాలను మర్దన చేసే ఖరీదైన టబ్బులు. పైకి అద్దంలా తుడిచి ఉన్నాయి. నీటిని లాక్కునే జల్లెడ వెనుక మాత్రం వెంట్రుకలు, చర్మపు పొట్టు పేరుకుపోయి ఉంది. ఆ జల్లెడ విప్పి కడగాలని ఎవరికీ తట్టలేదు. పెడిక్యూర్‌కు ముందు కాళ్లకు రేజరుతో షేవ్ చేసుకున్నవాళ్లకు ముప్పు ఎక్కువైందని కూడా తేలింది. 2002లో ఈ పరిశోధన ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. టబ్బులను ఎప్పుడెప్పుడు శుద్ధి చేశారో పుస్తకంలో రాసి ఉంచాలని కాలిఫోర్నియా నిబంధన పెట్టింది. 110 మందికి ఒకేసారి, ఒకే చోట రావడం వల్లే ఇది దొరికింది. ఐదుగురికో ఆరుగురికో వచ్చి ఉంటే ఎవరి గడ్డ వాళ్లదే అయ్యేది.

ఈ సంగతి మన ఊళ్ల దృష్టితో చూస్తే ఆశ కలిగించే విషయం ఒకటి కనిపిస్తుంది. ఇంటి ముందు గదిలో ఫ్లెక్సీ బోర్డు పెట్టుకుని, ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్లు పోసి పెడిక్యూర్ చేసే పార్లరును, పట్నంలో దీపాల మధ్య సుడి కుర్చీలున్న స్టూడియో పక్కన పెడితే మనం రెండోదాన్నే నమ్ముతాం. కానీ ఆ ప్లాస్టిక్ టబ్బుకు జల్లెడ లేదు, గొట్టం లేదు, మురికి దాక్కునే మూల లేదు. సబ్బుతో రుద్ది, బ్లీచింగ్ నీళ్లు నిర్ణీత సమయం ఉంచి పారబోసి, ఎండలో ఆరబెడితే చాలావరకు పని అయిపోతుంది. సుడి కుర్చీని అంతే శుభ్రంగా ఉంచడం సాధ్యమే, కానీ మనిషికీ మనిషికీ మధ్య విప్పి కడిగే ఓపిక కావాలి. కాబట్టి వడమాలపేటలో ఉన్న మహిళ మంచి పార్లరు కోసం తిరుపతి బస్సే ఎక్కాలని లేదు. అద్దాల తలుపు ఆరోగ్యానికి హామీ కాదు. చూడాల్సినవి చూపిస్తే ఊళ్లోని చిన్న పార్లరు పట్నం పార్లరును మించొచ్చు. డబ్బున్నవాళ్లకే శుభ్రత దక్కుతుందనే నిరాశ ఈ విషయంలో నిజం కాదు కాబట్టే నేనీ వాదన ఇంత పట్టుగా చేస్తున్నాను.

పనిముట్ల సంగతి ఇంకా సులువు. క్యూటికల్ కత్తెర, గోళ్లు కత్తిరించే క్లిప్పరు, చర్మం నెట్టే ఉక్కు పుల్ల వంటి లోహపు సామాను సూక్ష్మజీవులు లేకుండా కావాలంటే ఆవిరి పీడనం కావాలి. ఆటోక్లేవు అంటే అదే: 121 డిగ్రీల వేడి, చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, తగినంత సమయం. మన వంటింటి కుక్కరు విజిల్ వేసే పీడనం కూడా దాదాపు అంతే. ఆసుపత్రి యంత్రానికి బదులు వంట కుక్కరు వాడమని నేననడం లేదు. ఈ సూత్రం మన ఆడవాళ్లకు తెలియని రాకెట్ విద్య కాదంటున్నాను. చాలా పార్లర్లలో దీని బదులు నీలం లైటు వెలిగే పెట్టె ఉంటుంది. అందులో పెట్టినవి శుద్ధి అయినట్టు అందరూ నమ్ముతారు. ఆ కాంతి తగిలిన పైభాగం వరకే ఎంతోకొంత పని చేస్తుంది. కత్తెర కీలు సందుల్లోకి, అడుగు వైపుకు వెళ్లదు. శుద్ధి చేసిన వస్తువును భద్రపరచడానికైతే సరే, శుద్ధి చేయడానికి అది చాలదు. డెటాల్ నీళ్లలో ఒకసారి ముంచి తీయడం కూడా అంతే. గోళ్లు రుద్దే ఆకురాయి అట్ట, నారింజ పుల్ల, బఫరు వంటివి ద్రవాన్ని పీల్చుకునే రకం. వాటిని ఏ పద్ధతిలోనూ తిరిగి శుభ్రం చేయలేం. ఒక మనిషికి వాడాక పారేయాలి, లేదా ఆ మనిషికే ఇచ్చి పంపాలి. వాటి ఖరీదు టీ, బజ్జీల లెక్కలోనే ఉంటుంది.

రసాయనాల గురించి కొద్దిగా చెప్పాలి, ఎందుకంటే కృత్రిమ గోళ్లు అతికించే మోజు చిన్న పట్టణాలకు కూడా వచ్చేసింది. అతికించే ద్రవాల్లో మిథైల్ మెథాక్రిలేట్ అనేది చవక, గట్టిగా పట్టుకుంటుంది. ఎంత గట్టిగానంటే, ఆ గోరు తలుపుకో బిందె అంచుకో తగిలితే అది విరగదు, అసలు గోరునే లేపుకొస్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1970లలోనే దాని మీద చర్యలు తీసుకుంది. జెల్ రంగుల్లో వాడే హెమా అనే పదార్థం కొందరిలో తీవ్రమైన అలర్జీ తెస్తుంది కాబట్టి యూరోపియన్ యూనియన్ దాన్ని 2021 నుంచి వృత్తి నిపుణుల వాడకానికే పరిమితం చేసింది. జెల్‌ను గట్టిపరిచే టీపీవో అనే మరో పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడి సౌందర్య సామగ్రిలో పూర్తిగా నిషేధించింది. ఆ జెల్‌ను ఆరబెట్టే దీపం గురించి 2023 జనవరిలో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రిక ఒక ప్రయోగం ప్రచురించింది. 20 నిమిషాల కాంతికి గాజు పళ్లెంలోని కణాల్లో 20 నుంచి 30 శాతం చనిపోయాయి. పళ్లెంలోని కణం మన వేలు కాదు, దీన్ని బట్టి కేన్సర్ వస్తుందని అనడానికి లేదు. వేళ్ల కొసలు మాత్రమే బయట ఉండే తొడుగులు వేసుకోవడానికి మాత్రం ఈ ఆధారం చాలు. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది సీసా మీది చీటీ. తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని సీసా బల్ల మీద కనిపిస్తే మనం ఆ కుర్చీలోంచి లేవొచ్చు.

ఇదంతా గోరంతను కొండంత చేయడమే కదా అని ఎవరైనా అడగొచ్చు. లక్షలమంది వెళ్తున్నారు, ఎంతమందికి ఏమైంది అన్నది న్యాయమైన ప్రశ్న. పెద్ద ప్రమాదాలు అరుదే. ఆ అరుదుతనాన్ని పెంచి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఎంతమందికి ఏమైందో లెక్క ఎక్కడుంది? గోటి ఫంగస్‌తో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లిన మనిషిని పార్లరుకు వెళ్లారా అని అడిగి, రాసి, కూడే వ్యవస్థ మనకు లేదు. లెక్క లేనంత మాత్రాన నష్టం లేదని కాదు. ఇంకో మాట కూడా ఉంది. జాగ్రత్తకు అయ్యే ఖర్చు భారీగా ఉంటే అరుదైన ప్రమాదం కోసం అంత అవసరమా అని తూకం వేయొచ్చు. ఇక్కడ ఖర్చు ఒక అట్టముక్క, ఒక నారింజ పుల్ల, కాసేపు ఆవిరి. ఇంత చవకైన జాగ్రత్తను ఎగ్గొట్టడానికి ప్రమాదం అరుదన్నది కారణం కాజాలదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం మర్యాదకు సంబంధించింది. పట్నంలో మొహం తెలియని పార్లరులో ప్రశ్నలు అడగడం వేరు. మండల కేంద్రంలో పార్లరు నడిపే ఆమె పక్క వీధి అక్క. మన పెళ్లిళ్లకు వచ్చింది, అమ్మకు తెలుసు. 'అక్కా, ఈ కత్తెర ఎప్పుడు ఉడికించావు' అని అడిగితే, నీ దగ్గర శుభ్రం లేదని మొహం మీద అన్నట్టే ఉంటుంది. చాలామంది ఈ మొహమాటానికే నోరు మూసుకుంటారు, ఆ తరువాత ఇంకో పార్లరుకు మారిపోతారు. ఎందుకు మారారో ఆ అక్కకు ఎప్పటికీ తెలియదు. దీనికి జవాబు మనల్ని ధైర్యం తెచ్చుకోమనడం కాదు, ప్రశ్న అవసరమే లేకుండా చేయడం. కల్యాణకట్టలో బ్లేడు కొత్తదేనా అని ఎవరూ అడగరు, ఎవరూ నొచ్చుకోరు. అలాగే ఆవిరి పట్టిన సామాను కాగితపు సంచిలో మూసి ఉంచి, మనిషి కూర్చున్నాక ఆమె ముందే చింపి తీస్తే అక్కడ అనుమానమూ లేదు, అవమానమూ లేదు. ఆ సంచుల మీద వేడి తగిలితే రంగు మారే గుర్తు ఉంటుంది, చదువు రానివాళ్లు కూడా చూసి పోల్చుకోవచ్చు. తరచూ వెళ్లేవాళ్లు తమ సొంత కిట్టు తీసుకెళ్లొచ్చు. ప్రతి ఒక్కరికీ ఇంట్లో వేరే దువ్వెన, వేరే తువ్వాలు ఉన్నట్టే ఇదీ. సొంత కిట్టు తెచ్చిన మనిషిని చూసి మొహం ముడుచుకునే పార్లరు గురించి ఇంకేమీ తెలుసుకోవాల్సిన అవసరం లేదు.

కుర్చీకి ఇవతలి వైపు గురించే మాట్లాడుతున్నామని ఎవరైనా తప్పుపడితే ఒప్పుకుంటాను. అవతలి వైపు, చిన్న పీట మీద వంగి కూర్చున్న మనిషి ఉంది. కస్టమరు నెలకోసారి పీల్చే యాక్రిలిక్ దుమ్మును, అసిటోన్ వాసనను ఆమె రోజంతా పీలుస్తుంది. ఎవరి రక్తం చుక్క తగిలినా ముందు తగిలేది ఆమె వేలికే. 2015 మేలో 'న్యూయార్క్ టైమ్స్' తన నగరంలోని నెయిల్ సెలూన్ల మీద రాసిన వరస కథనాలు ఈ పీట వైపు నుంచి చూసినవే. అందంగా మెరిసే గోళ్ల వెనుక అతి తక్కువ కూలీ, దగ్గు, గర్భస్రావాల భయం ఉన్నాయని అవి చూపించాయి. రోజుల వ్యవధిలో ఆ రాష్ట్ర గవర్నరు తనిఖీ బృందాలను వేయాల్సి వచ్చింది. మన దగ్గర చాలా చిన్న పార్లర్లలో యజమానీ పనిచేసే మనిషీ ఒకరే. డ్వాక్రా అప్పుతోనో పుట్టింటి డబ్బుతోనో కుర్చీ, అద్దం కొని, కొన్ని వారాల కోర్సు చేసి మొదలుపెట్టిన మహిళ. ఆ కోర్సులో ఫేషియల్, త్రెడింగ్, మేకప్ ఎలా చేయాలో నేర్పినంత శ్రద్ధగా కత్తెర ఎలా శుద్ధి చేయాలో నేర్పారా అన్నదే ప్రశ్న. నేర్పకపోతే ఆ తప్పు ఆమెది కాదు. చేదు అనుభవం ఎదురైన ప్రతిసారీ పార్లరు మనిషిని తిట్టి ఊరుకోవడం ఆమెకు అన్యాయం, మనకు నిరుపయోగం.

చట్టం ఇక్కడ సగం దూరమే వచ్చింది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సామగ్రి చట్టం, 2020లో వచ్చిన కాస్మెటిక్స్ నిబంధనలు సీసాలోని సరుకును పట్టించుకుంటాయి. ఆ సరుకును ఒంటి మీద పూసే చేతిని, కోసే కత్తెరను పట్టించుకోవు. ట్రేడ్ లైసెన్సు ఉన్నా అది చాలాచోట్ల రుసుము కట్టిన రసీదుగానే మిగిలిపోతుంది. నష్టం జరిగాక మాత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. సేవాలోపం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారమైతే దావాకు రుసుము కూడా లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగొచ్చు. అయితే కోర్టుకు కన్నీళ్లు చాలవు, కాగితం కావాలి. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించిన కేసులో 2021లో జాతీయ వినియోగదారుల కమిషన్ 2 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వమంది. సేవాలోపం జరిగిందన్న మాటను 2023లో సుప్రీంకోర్టు కాదనలేదు. అంత మొత్తానికి ఆధారాలేవని అడిగి మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. మన పార్లర్లలో బిల్లు ఇవ్వడమే అరుదు. బిల్లు, ఫొటో, డాక్టరు చీటీ లేకుండా నాలుగు నెలల తరువాత గోటిని పట్టుకుని ఎవరూ ఏమీ నిరూపించలేరు. అందుకే నష్టం తరువాతి న్యాయం మీద కంటే నష్టానికి ముందటి ఏర్పాటు మీదే నాకు ఎక్కువ నమ్మకం.

అయితే పార్లర్లన్నిటికీ లైసెన్సు, తనిఖీ పెట్టమంటావా, అది ఇంకో అధికారికి మామూళ్ల దారి తెరవడం కాదా, పెద్ద గొలుసు సంస్థలు తట్టుకుంటాయి గానీ ఊళ్లోని ఒంటరి మహిళ మూసుకోవాల్సి రాదా అన్న ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. తనిఖీ పేరుతో చిన్నవాళ్లను పీడించడం మన దేశంలో కొత్త కాదు. కాబట్టి మొదటి అడుగు శిక్ష కాకూడదు, సామాను కావాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన ఒక పథకం కింద రజకులకు, అంగళ్లున్న నాయీబ్రాహ్మణులకు, దర్జీలకు ఏటా 10,000 రూపాయలు ఇచ్చారు. కుక్కరు తరహా చిన్న ఆటోక్లేవు ఆ మొత్తంలోనే వచ్చేస్తుంది. ఏ ప్రభుత్వమైనా అలాంటి సాయంలో ఒక భాగాన్ని ఈ వస్తువు రూపంలో, పార్లర్లతో పాటు మగవాళ్ల సెలూన్లకు కూడా ఇవ్వొచ్చు. అక్కడ వాడే కత్తులదీ ఇదే కథ. డ్వాక్రా సంఘాల ద్వారా మండలానికి ఒకసారి, ఒక్క రోజు, శుద్ధి మీదే శిక్షణ పెట్టొచ్చు. ఐటీఐల్లో ఏడాది కాస్మటాలజీ కోర్సు ఉంది. అక్కడ చదివిన పిల్లలనే ఈ శిక్షణకు తేవచ్చు. సామాను, శిక్షణ అందాక ఒక సంవత్సరం గడువిచ్చి, అప్పుడు తనిఖీ. తనిఖీలో చూడాల్సింది కూడా గది వైశాల్యం, బోర్డు సైజు కాదు. ఆవిరి పట్టిన సంచులున్నాయా, వాడిన అట్టలు చెత్తబుట్టలో ఉన్నాయా, టబ్బు కడిగిన పుస్తకం ఉందా, ఈ మూడే. వాటిని పంచాయతీ అధికారే చూడనక్కర్లేదు, గోడ మీద రాసి ఉంటే ప్రతి కస్టమరూ చూస్తుంది.

వీటన్నిటి కంటే ముందు, రేపే చేయగలిగింది ఒకటుంది. హెపటైటిస్ బి టీకా దేశమంతటా పసిపిల్లల టీకాల పట్టికలో చేరింది 2011 నాటికి. అంతకుముందు పుట్టి, ఇప్పుడు పార్లర్లలో పని చేస్తున్న ఎంతోమంది ఆ టీకా వేయించుకుని ఉండరు. పెద్దలకు మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతుంది. ఆసుపత్రుల్లో రక్తంతో పని చేసేవాళ్లకు ఇస్తున్నట్టే, కత్తెర, రేజరు, సూది పట్టే ఈ చేతులకు కూడా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేయొచ్చు. వడమాలపేట మండలంలో అలాంటి చేతులు ఎన్ని ఉన్నాయో పేర్లతో సహా రాయడానికి ఆశా కార్యకర్తలకు ఒక వారం చాలు.